నీటి త్రోవ చూపిన పటము

"నీరు పల్లమెరుగు" అని మన పెద్దలు చెప్పుదురు. ఏటి గట్టున నిలిచి చూచిన వారెవరికైనను ఈ మాట నిజమని తెలియును. నీటికి కన్నులు లేవు. కాని నేల వంపును అది మనకంటె ముందుగా కనిపెట్టును. మనకు చదునుగా తోచు పొలములో గూడ వాన నీరు ఒక ప్రక్కకే పారును. బెత్తెడు పల్లము దొరకినను అది విడువదు. ఇట్టి నీటితో కలిసి బ్రదుకవలసిన మనుష్యుడును పల్లమెరుగవలెను గదా! అయితే అతనికి నీటివలె పుట్టుకతో వచ్చిన నేర్పు లేదు. అతడు కొలిచి తెలిసికొనవలెను. తెలిసికొనిన దానిని మరువకుండ పటముగా గీచికొనవలెను.

వానకాలము వచ్చినంతనే కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల రైతులు దినపత్రికలో ఒక సంఖ్యను ఆతురతతో చూచుదురు. నిజాంసాగరము పూర్తి నీటి మట్టము 1405 అడుగులనియు, నేటి మట్టము ఇంత యనియు పత్రికలు ప్రకటించుచుండును. ఈ మాటను మొదటిసారి వినిన బాలుడు ఆశ్చర్యపడును. జలాశయములో 1405 అడుగుల లోతు నీరున్నదా? లేదు. ఆ సంఖ్య లోతును తెలుపునది కాదు. సముద్రపు సగటు మట్టమునుండి నీటి ఉపరితలము ఎంత ఎత్తున నున్నదో తెలుపునది. సముద్రమునకు ఆటుపోటులు కలవు. కావున చాలకాలము వానిని కొలిచి, సగటు కట్టి, ఆ సగటును సున్నగా నెంచుకొని, దేశమందలి స్థలముల ఎత్తులను దానినుండి లెక్కింతురు. ఎల్లారెడ్డి చేరువనున్న జలాశయపు నీటికిని, ఎంతో దూరమున ఘోషించు సముద్రమునకును ఈ విధముగా లెక్కలో సంబంధము కలిగినది.

నిజాంసాగరపు ఒడ్డున వేసవి కాలమునందు మరియొక వింత చూడవచ్చును. నీరు తగ్గుచున్న కొలది ఒడ్డు వెంబడి తడి గీతలు ఒకదాని క్రింద నొకటిగా నేర్పడును. ఒక్కొక్క గీత వాగు నోటిలోనికి చొచ్చుకొనిపోయి, మిట్టను చుట్టి, మరల వెలుపలికి వచ్చుచు మెలికలు తిరుగును. ఎన్ని మెలికలు తిరిగినను ఆ గీతపై నున్న ప్రతి బిందువును ఒకే ఎత్తున నుండును. నీరు విడిచిన శిఖము భూమిలో పంట వేయు రైతునకు ఈ గీతలు బాగుగా తెలియును. ఏ గీత వరకు నీరు ఎప్పుడు వచ్చునో, ఏ చెలక ముందుగా మునుగునో అతడు చెప్పగలడు. సమానమైన ఎత్తు గల చోటులను కలుపు ఇట్టి గీతలకే శాస్త్రజ్ఞులు సమోన్నత రేఖలని పేరు పెట్టిరి. నేల మీది ఎత్తుపల్లములను, ఏరులను, చెరువులను, దారులను, ఊళ్లను ఒక్కచోట చూపు పటమునకు స్థలాకృతి పటమని పేరు.

ఇట్టి పటములు మన దేశమున నేడు క్రొత్తగా పుట్టినవి కావు. భారత సర్వే శాఖ 1767లో ఏర్పడినది. 1802లో విలియం లాంబ్టన్ అను సైనికాధికారి మద్రాసు చెంత గొప్ప త్రికోణమితి సర్వేను ప్రారంభించెను. దూరముగా నున్న కొండ శిఖరములను త్రిభుజములతో కలుపుచు, దక్షిణము నుండి ఉత్తరమునకు దేశమును కొలిచిన మహాకార్యమది. హిమాలయ శిఖరమునకు ఎవని పేరు పెట్టిరో ఆ జార్జి ఎవరెస్టు 1818లో లాంబ్టనునకు సహాయకుడై హైదరాబాదులోనే ఆ పనిలో చేరెను. కాని దేశమంతటిని కొలుచుట వేరు. ఒక నగరపు ప్రతి గల్లీని కొలుచుట వేరు. ఆ రెండవ పని ఎంత అవసరమో హైదరాబాదు నగరమునకు ఒక మహావిపత్తు నేర్పినది.

హైదరాబాదు ఏటి ఒడ్డున పుట్టిన నగరము. వికారాబాదు సమీపమున అనంతగిరి కొండలలో జన్మించిన మూసీ నది తూర్పుగా ప్రవహించి, నగర మధ్యమున సాగి, తుదకు వాడపల్లి చెంత కృష్ణానదిలో కలియును. నగరములోనికి ప్రవేశింపక పూర్వమే లంగర్‌హౌజు వద్ద ఈసీ యను ఏరు దానిలో కలియుచున్నది. గోలకొండ నేలిన కుతుబ్ షాహీల కాలమున 1578లో మూసీపై నొక వంతెన కట్టబడినది. అదియే నేటి పురానాపూల్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నదికి దక్షిణపు ఒడ్డున చార్మినారును నిర్మించి నగరమునకు పునాది వేసెను. క్రమముగా నగరము రెండు ఒడ్డులకును విస్తరించినది. 1901 నాటి జనాభా లెక్కల ప్రకారము అచ్చట సుమారు నాలుగున్నర లక్షల మంది నివసించుచుండిరి.

మూసీ సంవత్సరములో చాల నెలలు సన్నని పాయగా పారునది. అందువలన జనులు దానికి భయపడుట మానిరి. ఒడ్డును ఆనుకొని ఇండ్లు లేచెను, బజారులు వెలసెను. నది అప్పుడప్పుడు పొంగినను మరల తగ్గెడిది. తగ్గిన తరువాత జనులు దానిని మరచెడివారు. ఏ వీధి నది మట్టమునకు ఎన్ని అడుగుల ఎత్తున నున్నదో వివరముగా తెలిపెడి నగర పటము అప్పటికి లేదు.

1908 సెప్టెంబరు చివరివారమున తెరపి లేని వాన కురిసినది. మూసీ, ఈసీల పరీవాహక ప్రాంతములో కొన్ని చోట్ల ఒక్క దినమునందే 12 అంగుళములకు మించి వర్షము పడినది. నగరమునకు ఎగువనున్న ఆ ప్రాంతపు వైశాల్యము 862 చదరపు మైళ్లు. అందు 788 చెరువులుండెను. అనగా చదరపు మైలునకు దాదాపు ఒక చెరువు. ఇవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండినచో దాని మత్తడి నుండి దుమికిన నీరు క్రింది చెరువును చేరును. సాధారణ కాలమున ఈ గొలుసు ఊరికి అన్నము పెట్టునది. అసాధారణమైన వానలో అదియే ముప్పు తెచ్చినది. పై చెరువు కట్ట తెగగానే ఆ నీరంతయు ఒక్కసారిగా క్రింది చెరువుపై పడెను; అదియు తెగెను. ఈ విధముగా 221 చెరువులు తెగిపోయెను. ఆకాశమునుండి పడిన నీటికి తెగిన చెరువుల నీరు తోడై మూసీలోనికి ఉరికెను.

సెప్టెంబరు 28వ తేది, సోమవారము, నగర చరిత్రలో మరపురాని దినము. తెల్లవారుసరికి నది తన హద్దులను దాటినది. కోల్సావాడి, ఘాన్సీ బజారు మొదలగు పల్లపు పేటలు నీట మునిగెను. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు వరద తాకిడికి నిలువలేకపోయెను. మూడువందల యేండ్ల నాటి పురానాపూల్ మాత్రము నిలిచి రెండు ఒడ్డులకును మిగిలిన లంకె యయ్యెను. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నీటి పాలయ్యెను. దాని ఆవరణలోని ఒక చింతచెట్టుపైకి ఎగబ్రాకి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టును నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో జనులు గౌరవముతో చూపుదురు. ఆ దినమున సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. ఇరువది వేలకు కొంచెము తక్కువగా ఇండ్లు కూలిపోయెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ తన భవనముల ద్వారములను నిరాశ్రయులకు తెరపించెను. ఆకలిగొన్న వారికి అన్నము పెట్టించెను.

వరద తీసిన తరువాత నగరమున వినిపించిన ప్రశ్న యొక్కటే: ఇట్టిది మరల జరుగకుండ నేమి చేయవలెను? దుఃఖించుట సులభము, కారణము వెదకుట కష్టము. నిజాము ప్రభుత్వము ఆ కష్టమైన పనికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించినది. ఆయన బొంబాయి ప్రభుత్వ కొలువు నుండి అప్పుడే విరమించిన గొప్ప ఇంజనీరు. 1909 ఏప్రిల్ నెలలో ఆయన హైదరాబాదు చేరి పని ప్రారంభించెను. ఎచ్చట ఎంత వాన కురిసినది, ఏ చెరువు తెగినది, వరద ఏ మట్టము వరకు లేచినది అను విషయములను సేకరించెను. ఎగువ ప్రాంతములో సర్వే జరిపించెను. ఆ సంవత్సరము అక్టోబరులోనే తన నివేదికను సమర్పించెను.

ఆయన చేసిన సూచన ఒక్క మాటలో చెప్పవచ్చును: వరద నగరమును చేరకముందే దానిని ఆపవలెను. నగరమునకు ఎగువన మూసీపై నొకటి, ఈసీపై నొకటి జలాశయములు కట్టవలెను. వరద వచ్చినప్పుడు వానిలో నీటిని నిలిపి, పిమ్మట నది మోయగలిగినంత మాత్రమే వదలవలెను. నగరములో ఒడ్డులకు గట్టి గోడలు కట్టవలెను. మురుగునీరు పోవుటకు సరియైన కాలువల నేర్పరుపవలెను. ఈ పనులలో ఏది చేయవలెనన్నను ముందుగా ఎత్తుపల్లములు తెలియవలెను. మురుగు కాలువ అడుగు భాగము కొంచెము ఎదురు వాలు అయినను నీరు వెనుకకు తన్నును. గోడ యొక అడుగు తక్కువైనను వరద దానిని దాటును. ఈ విషయములలో ఊహ పనికిరాదు, కొలత కావలెను.

1911లో మహబూబ్ అలీఖాన్ మరణింపగా, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ రాజ్యమునకు వచ్చెను. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. ఆ కాలముననే నగరమును సమగ్రముగా కొలుచు పని లియొనార్డ్ మన్ అను భూగర్భ శాస్త్రజ్ఞునకు అప్పగింపబడినది. ఆయన ఆధ్వర్యమున 1912 మొదలు 1915 వరకు సాగిన ఈ మునిసిపల్ సర్వే ఫలితముగా 848 పత్రములు గల మహాపటము సిద్ధమైనది. నేటికిని చరిత్రకారులు దానిని మన్ పటములని పిలుచుచున్నారు.

ఒక్క నగరమునకు 848 పత్రములెందుకని సందేహము కలుగవచ్చును. దానికి కారణము కొలబద్ద. భారత సర్వే శాఖవారి సాధారణ స్థలాకృతి పటములో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరునకు గుర్తు. ఆ పటములో మూడు కిలోమీటర్ల పొడవు గల నిజాంసాగరపు కట్ట ఆరు సెంటీమీటర్ల గీతగా కనిపించును. ఒక ఇల్లు చీమ తలకంటె చిన్నదగును. గల్లీలోని కాలువను త్రవ్వువానికి అట్టి పటము చాలదు. దానికి బదులుగా ఒక అంగుళమునకు 50 అడుగుల చొప్పున గీచినచో, 25 అడుగుల పొడవు గల తరగతి గది అర అంగుళముగా కనిపించును. వాకిలి, బావి, ప్రహరీగోడ గుర్తింప వీలగును. కాని అప్పుడు ఒక మైలు నేలను చూపుటకు దాదాపు తొమ్మిది అడుగుల కాగితము కావలెను. పటము ఎంత వివరముగా నుండునో కాగితము అంతగా పెరుగును. అందుచేత నగరమును చదరంగపు గడులవలె విభజించి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క పత్రము గీయుదురు. ఏ పత్రము ఏ పత్రము ప్రక్కకు వచ్చునో చూపుటకు వేరుగా ఒక సూచికా పటము ఉండును.

ఇట్టి పటము ఒక గదిలో కూర్చుండి గీయదగినది కాదు. సర్వే చేయువారు ఎండలో వీధి వీధి తిరుగవలెను. దూరములను కొలుచుటకు 66 అడుగుల ఇనుప గొలుసు వాడెడివారు. ఎత్తుపల్లములను కొలుచుటకు లెవెలు యంత్రమును, అడుగుల గుర్తులు గల నిలువు బద్దను వాడుదురు. యంత్రమును మట్టముగా నిలిపి, ఒకచోట నిలిపిన బద్దను దాని గొట్టములోనుండి చూతురు. అచ్చట 4 అడుగుల గుర్తు కనిపించినదనుకొందము. తరువాత బద్దను మరియొక చోటికి మార్చగా 7 అడుగుల గుర్తు కనిపించినచో, రెండవ చోటు మొదటిదానికంటె 3 అడుగులు పల్లమని అర్థము. పద్ధతి ఇంత సులభమైనది. కాని ఒక్క చోట తప్పు చదివినచో ఆ తప్పు ముందుకు సాగుచు, తరువాతి లెక్కలన్నిటిని చెడగొట్టును. కావున బయలుదేరిన చోటికే తిరిగి వచ్చి లెక్క సరిపోయినదో లేదో చూచుకొందురు. శ్రద్ధ లేనివాని చేతిలో ఎంత మంచి యంత్రమైనను వ్యర్థమే.

మన్ పటములలో నాటి నగరము కన్నులకు కట్టినట్లు నిలిచియున్నది. అందు రాచనగరులు మాత్రమే కాదు, సామాన్యుల ఇండ్లును, ఇరుకు గల్లీలును గలవు. బావులు, తోటలు, చెరువులు, కాలువలు, మసీదులు, గుడులు, శ్మశానములు, రాతి గుట్టలు ఉన్నవి. చరిత్ర గ్రంథములు సాధారణముగా రాజుల సంగతి చెప్పును. ఈ పటము మాత్రము నీరు తోడుకొనుటకు ఏ వాడకు ఏ బావి దగ్గరో చెప్పును. ఆనాడు ఏ ఇల్లు నదికి ఎంత దగ్గరగా నుండెనో, నది యెంత వెడల్పున పారుచుండెనో దానిని చూచి నేటివారు తెలిసికొనగలరు.

స్థలాకృతి పటమును చదువుటకు కొన్ని సూత్రములు తెలిసిన చాలును. నేటి పటములలో నీరు నీలివర్ణముతోను, అడవి ఆకుపచ్చ వర్ణముతోను, సాగుభూమి పసుపుతోను, ఊళ్లు, రోడ్లు ఎరుపుతోను, సమోన్నత రేఖలు గోధుమవర్ణముతోను గీయబడును. సమోన్నత రేఖలు ఒకదాని నొకటి ఒరయునంత దగ్గరగా నున్నచో అచ్చట నిట్టనిలువు వాలు కలదు. ఎడముగా నున్నచో నేల మెల్లగా వాలుచున్నది. రేఖలన్నియు ఒకే దిక్కున కొనలు తేలి మడతపడినట్లున్నచో అది లోయగాని, మిట్టగాని యగును. కొనలు ఎత్తైన నేలవైపు చూపుచున్నచో అది లోయ; దానిలో వాగు పారును. వాగు ఎండిపోయి, దానిపై ఇండ్లు లేచినను, ఆ రేఖల మడత మాత్రము అట్లే యుండును. నీటి త్రోవ అదియే యని అది సాక్ష్యము చెప్పుచుండును.

విశ్వేశ్వరయ్య సూచనలు కాగితముపై మిగిలిపోలేదు. మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లో పూర్తియైనది. జనులు దానిని గండిపేట చెరువని పిలుతురు. ఈసీపై హిమాయత్‌సాగరము 1927లో పూర్తియైనది. ఉస్మాన్‌సాగరపు పూర్తి నీటి మట్టము 1790 అడుగులు. అది నగరమునకు ఎగువన నుండుటచేత, దాని నీరు కాలువ ద్వారా తన వాలుతోనే ఆసిఫ్‌నగరులోని శుద్ధి కేంద్రమునకు వచ్చెడిది. యంత్రముతో తోడవలసిన పని లేకపోయెను. ఒకనాడు ప్రాణములు తీసిన నీరే, పల్లమెరిగిన మనుష్యుని చేతిలో, గొంతు తడుపు నీరయ్యెను. నది ఒడ్డులకు గోడలు లేచెను. 1920లో హైకోర్టు భవనము మూసీ ఒడ్డున ప్రారంభింపబడినది.

ఈ విద్యయే కొలది కాలములో మంజీర లోయకును వచ్చినది. నాగిరెడ్డిపేట సమీపమున పోచారము జలాశయము 1922 నాటికి సిద్ధమైనది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అను ఇంజనీరు ఆధ్వర్యమున 1923లో ప్రారంభమైన నిజాంసాగరము 1931లో పూర్తియైనది. కట్ట కట్టకముందే, ఏ మట్టము వరకు నీరు నిలిచిన ఏ నేల మునుగునో, కాలువ ఏ వాలున సాగిన ఎంత దూరము నీరు పారునో ఇంజనీర్లు లెక్కించి చూచుకొనిరి. సుమారు 2,75,000 ఎకరములకు నీరిచ్చుటకు ఆ జలాశయము ఉద్దేశింపబడినది.

అయితే పటముపై నొక రేఖ గీయుట ఎంత బాధ్యతతో కూడిన పనియో ఇచ్చటనే ఆలోచింపవలెను. నీరు నిలుచు మట్టమును చూపు రేఖకు ఇవతల పొలములు పచ్చబడును. అవతల ఊళ్లు మునుగును. నిజాంసాగరము కొరకు అనేక గ్రామముల ప్రజలు తాతముత్తాతల నాటి ఇండ్లను, గుడులను, చెట్లను విడిచి పోవలసివచ్చెను. పటములో ఆ రేఖ వెంట్రుక వాసి మందము. కాని దాని వలన ఒక తల్లి తన ఇంటి పొయ్యిని విడువవలసివచ్చును. కావున కొలత ఖచ్చితముగా నుండవలెను. కొలిచినవాని మనస్సు మెత్తగా నుండవలెను. ఒకరి మేలు కొరకు మరియొకరు త్యాగము చేసినప్పుడు, ఆ త్యాగమును లోకము మరువరాదు.

పటము గీచినంత మాత్రమున ప్రమాదము తొలగునా? తొలగదు. దానిని చదువవలెను, చదివిన దానిని పాటింపవలెను. హైదరాబాదు పెరిగిన కొలది అనేక చెరువుల శిఖములలో ఇండ్లు లేచెను. వాగుల త్రోవలు మూసికొనిపోయెను. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు నగరములో కొన్ని చెరువుల కట్టలు తెగి పేటలు మునిగెను. 2025 సెప్టెంబరు చివర మూసీ పొంగి, నీరు మహాత్మాగాంధీ బస్సు ప్రాంగణములోనికి వచ్చినది. నది క్రొత్త త్రోవ వెదకుకొనలేదు. తన పాత త్రోవనే వచ్చినది. మరచినది నది కాదు, మనుష్యుడు.

ఈ పాఠము రాజధానికి మాత్రమే చెందినది కాదు. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి, మెదక్ జిల్లాలలో కుండపోతగా వాన కురిసినది. కామారెడ్డి జిల్లాలోని అర్గొండలో 40 సెంటీమీటర్లకు మించి వర్షము పడినది. కామారెడ్డి పట్టణములో పల్లపు కాలనీలు నీట మునిగినవి; రైలు మార్గము కోతకు గురియైనది. పోచారము జలాశయపు మత్తడి మీదుగా మునుపెన్నడును లేనంత వరద దుమికినది. నూరేండ్లు దాటిన ఆ కట్ట మాత్రము నిలిచినది. వరద నీటికి పట్టణమని, పల్లె యని భేదము లేదు. దానికి తెలిసినది పల్లము ఒక్కటే.

నేడు నేలను కొలుచు సాధనములు మారినవి. ఆకాశమునందు తిరుగు ఉపగ్రహములు ఎత్తుపల్లములను కొలుచుచున్నవి. కంప్యూటరు తెరపై పాత పటమును క్రొత్త పటము మీద పరచి, ఏ చెరువు మాయమైనదో, ఏ వాగు ఏ రోడ్డు క్రింద దాగినదో పరిశోధకులు వెదకుచున్నారు. అట్టివారికి నూరేండ్ల నాటి మన్ పటములు వెలలేని నిధి. గొలుసు లాగుచు, బద్ద మోయుచు, గల్లీ గల్లీ తిరిగిన నాటి సర్వే కార్మికుల పేర్లు చాలవరకు లోకమునకు తెలియవు. వారి చెమట మాత్రము ఆ గీతలలో నిలిచియున్నది. వారు కొలిచినది తమ కాలపు నగరమును. ఉపకారము చేసినది తరువాతి తరముల వారికి.

నేల వాలును తెలిసికొనుటకు ప్రతివాడును ఇంజనీరు కానక్కరలేదు. తన ఊరి చెరువునకు నీరెచ్చటినుండి వచ్చును? నిండినప్పుడు మత్తడి దుమికి ఎచ్చటికి పోవును? ఆ త్రోవలో ఇప్పుడేమి యున్నది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన విద్యార్థి తన ఊరి స్థలాకృతి పటమునందు మొదటి గీతను గీచినవాడగును. పెద్దవారిని అడిగిన వారు సంతోషముతో చెప్పుదురు. ఏ యేట వరద ఎచ్చటి వరకు వచ్చెనో వారి జ్ఞాపకమున నుండును. కాని జ్ఞాపకము మనుష్యునితో పోవును. కాగితముపై నెక్కిన కొలత పోదు. నీరు పల్లమెరుగును. పల్లమును తెలిసి, నీటి త్రోవను నీటికి విడిచి, తన ఇల్లు మిట్టపై కట్టుకొనువాడే నిజముగా నేర్పరి.

ప్రశ్నలు

1. నిజాంసాగరపు నీటి మట్టము 1405 అడుగులనగా నేమి? అది లోతు కాదని ఎట్లు చెప్పుదువు?
2. సమోన్నత రేఖ యనగా నేమి? వేసవిలో జలాశయపు ఒడ్డున ఏర్పడు తడి గీతలతో దానిని పోల్చి వ్రాయుము.
3. గొలుసుకట్టు చెరువుల వలన కలుగు మేలును, 1908లో వాని వలన కలిగిన ముప్పును వివరింపుము.
4. విశ్వేశ్వరయ్య చేసిన సూచనలేవి? వానికి కొలతలు ఎందుకు అవసరమయ్యెను?
5. "మరచినది నది కాదు, మనుష్యుడు." ఈ వాక్యము యొక్క భావమును మీ ఊరి చెరువునకో, వాగునకో అన్వయించి వ్రాయుము.
6. లెవెలు యంత్రముతో చూచినప్పుడు బద్దపై ఒకచోట 5 అడుగులు, మరియొక చోట 3 అడుగులు కనిపించెను. ఏ చోటు పల్లము? ఎన్ని అడుగులు?
7. మీ ఊరి చెరువునకు నీరు వచ్చు త్రోవను, పోవు త్రోవను చూపుచు ఒక చిన్న పటము గీయుము.